మూడు కాళ్ల నర్తకి

అక్టోబర్ 6, సోమవారం

మా ఫ్రేముల షాపుకు సబా అల్ సలేం నుంచి ఒక పని వచ్చింది. తెచ్చినామె పేరు శివపార్వతి. రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె. అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో నాలుగేళ్లుగా వంటపని చేస్తోంది. ఇంటి యజమానురాలిని మామా అంటుంది. డ్రైవరు కారు దిగలేదు. ఆమే ప్యాకెట్టును రెండు చేతులతో పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది.

"జాగ్రత్తన్నా. మామా వాళ్ల నాయన ఫ్రాన్సులో కొనుక్కొచ్చిన బొమ్మంట. నూటయాభై ఏండ్ల కిందట గీసిందంట. ఏసీ నీళ్లు కారి ఎనకాల అట్ట తడిసింది."

"ఇంత చిన్న బొమ్మకు ఇంత కతనా?" అన్నాడు బాబ్జాన్. కడప ఆయన. షాపు చూసుకునేది ఆయనే.

"బొమ్మ చిన్నదేలే బాబ్జానన్నా. మామా పెద్దది. చెడగొడితే నిన్నూ నన్నూ కలిపి ఫ్రేము కట్టిస్తుంది."

నవ్వాం. ఆమె నవంబర్ మూడున ఊరికి పోతోంది. నాలుగేళ్లలో మొదటి సెలవు. కూతురికి తొలి కాన్పు, నవంబర్ రెండో వారంలో అన్నారట డాక్టర్లు. "నేను పోకుంటే దానికి ఎవురుండారు" అంది. భర్త లేడు.

బొమ్మ: కాగితం ముప్పై సెంటీమీటర్ల పొడుగు, ఇరవై రెండు వెడల్పు. గోధుమరంగుకు తిరిగింది. పెన్సిలు. నాటకశాలలో ఆడే నర్తకి. ఎడమ చేయి నడుము మీద, కుడి కాలు ముందుకు చాచి ఉంది. ముఖానికి కళ్లు గీయలేదు. ముక్కూ గడ్డమూ ఉన్నాయి. పావడా ఎనిమిది గీతలు. చాచిన కాలు మాత్రం మూడుసార్లు గీసి ఉంది. నేలకు దగ్గరగా ఒకటి, మధ్యలో ఒకటి, ఆపైన ఒకటి. కింద మూలన రెండక్షరాల సంతకం. గీసినాయన పేరు శివపార్వతి చెప్పింది కానీ ఆమెకూ నోరు తిరగలేదు, నాకూ పట్టుబడలేదు.

రసీదులో రాసినవి మూడు: అద్దం, బొమ్మ చుట్టూ వచ్చే అట్ట అంటే మౌంట్, ఫ్రేము చెక్క. గురువారానికి ఇవ్వాలి.

అక్టోబర్ 7, మంగళవారం

పాత టేపు ఊడదీయడానికి గంటన్నర పట్టింది. తడి మౌంటు వరకే ఆగింది. కాగితానికి ఏమీ కాలేదు.

భోజనం పప్పు, ఖుబూస్ రొట్టె. మౌంట్ మీద వేలిముద్రలు పడితే మేం ఖుబూస్ మెత్తని భాగాన్ని ముద్ద చేసి, దానితో అద్ది తీస్తాం. అంచుల మీద మురికి అలాగే తీశాను. తీస్తుంటే ఆ కాళ్లు కనబడుతూనే ఉన్నాయి. మూడింట్లో మధ్యది సరైన కాలు. తుంటి నుంచి మడమ దాకా బరువు సరిగా దిగింది. మిగతా రెండూ కొలత చూసుకోవడానికి వేసినవి. ఎవరికైనా తెలుస్తుంది.

శ్రీకాళహస్తిలో మేనమామ దగ్గర పన్నెండేళ్లు కలంకారీ పని చేశాను. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు గీత వేస్తాం. తప్పయితే పక్కన ఇంకోటి వేస్తాం. కలంతో నల్లరంగు పట్టించాక బొగ్గంతా దులిపేస్తాం. బొగ్గు గీత ఒక్కటి మిగిలినా మామ గుడ్డను బల్ల మీద నుంచి లాగి కింద పడేసేవాడు. పూర్తి కాని పని బయటికి పోకూడదు. ఇంటికి అవమానం.

ఆ ఫ్రెంచి ఆయన దులపడం మరిచిపోయినట్టున్నాడు. లేదా తీరిక దొరకలేదేమో.

శుభ్రం చేశాను. పది నిమిషాల పని.

ఇప్పుడు ఆమె ఒక కాలి మీద నిలబడి ఇంకో కాలు చాచింది. చూడగానే తెలుస్తోంది.

అక్టోబర్ 9, గురువారం

శివపార్వతి వచ్చి తీసుకుపోయింది. డ్రైవరు లేడు, టాక్సీలో వచ్చింది. చేతిలో ఇంకో సంచి. చంటిబిడ్డకు గుడ్డలు, టోపీలు, ఒక దుప్పటి. మంగఫ్‌లో ఒకామె రేపే విమానం ఎక్కుతోందట, ఆమెకిచ్చి పంపుతుందట. తన పెట్టెలో బరువు మించిపోతుందని.

కాగితం విప్పి చూపించాను. "కొత్తదాని మాదిరి ఉంది" అంది. అద్దం గురించి అన్నది.

రాత్రి బాబ్జాన్‌కు మామా నుంచి మెసేజ్ వచ్చింది. గోడకు పెట్టారు. చాలా బాగుందట.

ఎవరూ ఏమీ అనలేదు. అనేదానికి ఏముంది?

అక్టోబర్ 17, శుక్రవారం

సెలవు. బట్టలు ఉతుక్కున్నాను.

అక్టోబర్ 18, శనివారం

మామా తమ్ముడు షాపుకు వచ్చాడు. కూర్చోలేదు.

జరిగినది, ఆయన అరుపుల్లోంచి నాకు అర్థమైనంత: వాళ్ల నాన్న వస్తువులు అన్నదమ్ములూ అక్కా పంచుకుంటున్నారు. ధర కట్టడానికి ఫ్రాన్సు నుంచి ఒకామె వచ్చింది. కొన్ననాటి కాగితాలలో బొమ్మకు తీసిన ఫోటో ఉంది. ఫోటోలో మూడు కాళ్లు. గోడ మీద ఒకటి. పైగా మడమ దగ్గర గీత వేరే చేతిదని ఆమె అన్నదట. ఇది నకలు, అసలుది ఎవరో మార్చేశారు అన్నదట.

బాబ్జాన్ ఆయన్ను బతిమాలాడు. పదిహేనేళ్ల షాపు, ఇంతవరకూ ఒక్క మేకు పోలేదు అన్నాడు. నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"గంగాధరా, నిజం చెప్పు. బొమ్మ ముట్టుకున్న్యావా?"

"లేదన్నా. అద్దం, మౌంట్, చెక్క."

మామా తమ్ముడు వేలితో లెక్కపెట్టాడు. ఇంటి నుంచి షాపుకు కారులో వచ్చింది. షాపు నుంచి ఇంటికి టాక్సీలో పోయింది. టాక్సీ మంగఫ్‌లో ఆగింది. అక్కడ ఒక గంట. ఆ సంగతి శివపార్వతే చెప్పిందట. అడగకముందే చెప్పిందట.

ఆయన పోయాక బాబ్జాన్ టీ తెప్పించాడు. "మనది తప్పిందిలే" అన్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

నేను అబద్ధం చెప్పలేదు. ముట్టుకోవడం అంటే ఆయన అడిగినది అసలుది తీసి నకలు పెట్టి మార్చడం గురించి. నేను మార్చలేదు. అదే కాగితం.

కాబట్టి ఎవరో ఒకరు అది అదే కాగితమని గుర్తిస్తారు. ఆ ఫ్రాన్సు ఆమె చదువుకున్న మనిషి. రెండు రోజుల్లో తేలిపోతుంది.

అక్టోబర్ 21, మంగళవారం

తేలలేదు. శివపార్వతి ఫోన్ చేసింది. బాత్రూములోంచి మాట్లాడుతున్నట్టుంది, కొళాయి శబ్దం.

"అన్నా, నేను ఆ బొమ్మను సంచిలోంచి బయటికి కూడా తీయల్యా. మంగఫ్‌లో మెట్లెక్కేటప్పుడు కూడా సంకలోనే పెట్టుకున్నా. ఆమె టీ తాగమంటే ఒక చేత్తోనే తాగినా."

"తెలుసమ్మా."

"నువ్వు ఒకసారి వచ్చి చెప్పన్నా. ఈయమ్మ తెచ్చిన బొమ్మనే నేను ఫ్రేము కట్టినా, అదే తిరిగి ఇచ్చినా అని. నా మాట నమ్మరు. నీ మాటయితే నమ్ముతారు, నీకేం లాభం అబద్ధం చెప్పేకి?"

"సరే. చెప్తాను."

"ఎప్పుడొస్తావు?"

"బాబ్జానన్నను అడిగి వస్తా."

"పాస్‌పోర్టు మామా కాడ ఉంది. ఆమె ఇస్తాననే అంటాంది. తమ్ముడే మఖ్ఫర్‌కు పోదామంటాండాడు."

మఖ్ఫర్ అంటే పోలీసు స్టేషను. ఆమె ఏడవలేదు. టికెట్ తేదీ రెండుసార్లు చెప్పింది, నాకు తెలియనట్టు.

బాబ్జాన్‌ను అడగలేదు.

అక్టోబర్ 22, బుధవారం

ఈ రోజు పద్నాలుగు ఫ్రేములు కట్టాను.

అక్టోబర్ 24, శుక్రవారం

గదిలో ఆరుగురం ఉంటాం. ఐదుగురు బయటికి పోయారు. కుక్కుటేశ్వరరావు ఒక్కడే ఉండి చేపల పులుసు పెట్టాడు. ఆయనది అమలాపురం వైపు. షుఐబాలో పరంజాలు కట్టించే ఫోర్‌మన్. ఆయనకు సంగతి చెప్పాను, ఎవరికో జరిగినట్టు.

ఆయన ముల్లు తీసుకుంటూ అంతా విన్నాడు.

"ఆ ఎవరో మీరేనాండీ?"

"కాదు."

"ఆయ్. మరి ఆ ఎవరో గారికి చెప్పండి. మా ప్లాంటులో ఆరేళ్ల కితం ఓ క్లాంపు ఊడిందండి. కింద ఓ ఒరిస్సా కుర్రోడి కాలిరిగింది. బిగించింది ఇద్దరం. ఒకడేమో 'నేను సరిగ్గా చూళ్లేదు సార్' అని ఒప్పేసుకున్నాడు. వారంలో విమానమెక్కించేశారండి. రెండోవాడు నోరు మెదపలేదు. వాడిప్పుడు ఫోర్‌మనండి."

ఇంకో ముక్క నా కంచంలో వేసి, "పులుసులో ఉప్పు సరిపోయిందాండీ?" అని అడిగాడు.

"సరిపోయింది. మరి ఆ రెండోవాడికి నిద్ర పడుతుందా?"

"సుబ్బరంగా పడతందండి. అదేనండి నాకూ అర్థం కానిది."

గిన్నెలు ఆయనే కడిగాడు. నన్ను కడగనివ్వలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

ఈ ఉదయం మామా తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు. శివపార్వతి మీద. బాబ్జాన్‌కు ఫోన్ చేసి చెప్పాడు, సాక్షిగా రావాల్సి ఉంటుందని. ఫిర్యాదు నడుస్తున్నంత కాలం ఆమె దేశం దాటడానికి వీల్లేదు.

ముందు పేజీలు చదివాను. తప్పులున్నాయి. సరిచేస్తున్నాను.

పది నిమిషాలు కాదు. నలభై నిమిషాలు. బాబ్జాన్ నమాజుకు పోయి, అక్కడి నుంచి బ్యాంకుకు పోయి వచ్చాడు. ఆయన రాకముందే పూర్తిచేశాను. వచ్చేసరికి ఖుబూస్ ముద్దను చెత్తబుట్టలో వేయలేదు, జేబులో పెట్టుకున్నాను.

పై కాలు చెరుపుతున్నప్పుడు మధ్య కాలి మడమ కూడా పోయింది. ఒక సెంటీమీటరు. దాన్ని తిరిగి గీశాను. మౌంట్ కొలతలకు వాడే పెన్సిలుతో. ఇది ఇందులో రాయలేదు. ఎవరికి భయపడి రాయలేదో తెలియదు, దీన్ని చదివేది నేనొక్కడినే.

ఆ ఫ్రాన్సు ఆమె పట్టుకున్నది ఆ సెంటీమీటరునే.

ఇంకొకటి. గీసేటప్పుడు నాకు బాగుంది. పదకొండేళ్లుగా ఇక్కడ ఇతరుల బొమ్మల చుట్టూ చెక్క కోస్తున్నాను. అంతకుముందు రోజుకు ఎనిమిది గంటలు గీసేవాడిని. ఆ మడమ ఒక్క ఊపులో వచ్చింది. రెండోసారి దిద్దాల్సిన పని పడలేదు. వెనక్కి జరిగి నిలబడి చూసుకున్నాను.

శుభ్రం చేయడం కాదు అది.

అక్టోబర్ 27, సోమవారం

బాబ్జాన్‌కు చెప్పాను. షట్టరు సగం దించి విన్నాడు.

"నీ చేతులు పడిపోనూ! నూటయాభై ఏండ్ల బొమ్మకు నువ్వు మడమ గీసినావా?"

"గీశానన్నా."

"ఎందుకురా?"

"పోయింది కాబట్టి."

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "విను గంగాధరా. ఇది నువ్వు చెప్పినావంటే షాపు పోతాది. కఫీల్ నీ ఇఖామా పీకేస్తాడు, నాది కూడా. ఈడ ఉండేకి కాగితమే ఉండదు. నాకు ముగ్గురు చదువుకునే పిల్లోళ్లు. ఆయమ్మకేమీ కాదులే. సాక్ష్యం ల్యా, దొరికిన వస్తువు ల్యా. పది దినాలు ఇటూ అటూ తిప్పి వదిలేస్తారు."

"పది దినాల్లో ఆమె కూతురు కంటుంది."

"కనేది కూతురు. ఆయమ్మ కాదు కదా."

అన్నాక తనే నా ముఖం చూడలేకపోయాడు. షట్టరు పైకెత్తాడు. బయట ఒక ఫిలిప్పీన్స్ ఆమె పెళ్లి ఫోటో పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు బంగారు రంగు చెక్క చూపించాను.

సాయంత్రం పోయేముందు బాబ్జాన్, "బుధవారం నీకు సగం దినం సెలవిస్తాండా. ఎందుకని నేను అడగల్యా, నువ్వు చెప్పల్యా" అన్నాడు.

అక్టోబర్ 29, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడు గంటలకు సబా అల్ సలేంలో బస్సు దిగాను. తలుపు తీసింది శివపార్వతే. పిండి చేతులు.

"వచ్చినావా అన్నా! సాక్ష్యం చెప్పేకేనా?"

"చెప్పేందుకే."

హాలులో మామా, ఆమె తమ్ముడు, ఆ ఫ్రాన్సు ఆమె ఉన్నారు. ఆమె రేపు తిరిగి పోతోంది. నెరిసిన జుట్టు, మెడలో భూతద్దం. నా అరబీ కొలతలకూ ధరలకూ సరిపోతుంది, అంతకుమించి రాదు. శివపార్వతికి బాగా వచ్చు. అందుకని మామా ఆమెను నా పక్కన నిలబెట్టింది. నేను తెలుగులో చెప్పాలి, ఆమె అరబీలో చెప్పాలి, మామా దాన్ని ఆ ఫ్రాన్సు ఆమెకు ఇంగ్లీషులో చెప్పాలి.

"మామాకు చెప్పు శివపార్వతీ. ఆ రెండు కాళ్లు చెరిపింది నేను."

ఆమె చెప్పలేదు. నా వైపు చూసింది.

"నువ్వా?"

"నేనే."

"ఎప్పుడు?"

"ఏడో తేదీ. షాపులో."

"అయితే నేను ఫోన్ చేసిన దినం నీకు తెలుసు."

"తెలుసు."

మామా ఏమంటున్నాడని అడిగింది. రెండోసారి అడిగాక శివపార్వతి చెప్పింది. నేను అన్నంత చెప్పిందో, తక్కువ చెప్పిందో తెలియదు. చిన్న వాక్యమే. గొంతు మాత్రం మారలేదు.

మామా తమ్ముడు నవ్వాడు. ఏదో అన్నాడు.

"మనిద్దరం ఒక జిల్లా వాళ్లమంట. నన్ను కాపాడేకి నేరం నెత్తిన వేసుకుంటాండావంట." ఆగి, తన మాటగా చేర్చింది: "వాళ్లకేం తెలుసు."

నలభై నిమిషాలు, ఖుబూస్, పెన్సిలు, మడమ. ఒక్కొక్కటి చెప్పాను. ఆమె ఒక్కొక్కటి అరబీలోకి మార్చింది. ఫ్రేము కట్టేవాడు అలాంటి గీత గీయలేడని మామా తమ్ముడు అన్నాడు. కాగితం అడిగాను. పెన్సిలు అడిగాను. నిలబడే, పుస్తకం మీద పెట్టుకుని ఆ కాలు గీశాను, తుంటి నుంచి బొటనవేలి దాకా.

ఫ్రాన్సు ఆమె దాన్ని తీసుకుని కిటికీ దగ్గర చూసింది. మామా తమ్ముడికి చూపించింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఏమంటాండాడంటే," అంది శివపార్వతి, "ఇంత బాగా గీసేవాడయితే ఆ నకలు చేసింది ఇతనే అంటాండాడు. అసలుది మనిద్దరం కలిసి అమ్ముకున్నామంట. అన్నా, నువ్వు నన్ను బయటికి లాగే పనేనా ఇది? నువ్వూ లోపలికి దిగినావు."

అప్పుడు ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదో తెలియదు. పెన్సిలు నొక్కి గీస్తే కాగితం మీద గాడి పడుతుంది. సీసం పోతుంది, గాడి పోదు. ఆ రోజు చెరుపుతుంటే ముద్దకు తగిలింది. నకలు అయితే లేని కాళ్లకు గాడి ఉండదు.

బొమ్మ దించమన్నాను. మామా లేచి తానే దించింది. అద్దం తీశాను. కర్టెన్లు వేయమన్నాను. శివపార్వతి ఫోనులో లైటు వెలిగించి కాగితం అంచుకు ఆనించి పక్కకు పట్టమన్నాను.

పై కాలు కనబడింది. కింది కాలు కనబడింది. రంగు లేదు. నీడలో గాడి మాత్రమే.

ఫ్రాన్సు ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. భూతద్దం పెట్టి ఫోటోతో పోల్చి చూసింది. శివపార్వతి చేతిలో ఫోను జరిగినప్పుడల్లా కాళ్లు పోతున్నాయి, వస్తున్నాయి. కనీసం ఐదు నిమిషాలు. తర్వాత ఆమె మామాతో ఒక్క మాట అంది. మామా సోఫాలో కూలబడింది.

"అసలుదేనంట," అంది శివపార్వతి. లైటు ఆర్పలేదు.

మామా నన్ను ఎందుకు చెరిపావని అడిగింది. మా పనిలో కొలత గీత మిగలడం అవమానమని చెప్పాను. శ్రీకాళహస్తి అనే ఊరినీ, బొగ్గునూ శివపార్వతి ఎలా చెప్పిందో కానీ, ఫ్రాన్సు ఆమె తల ఊపింది. నా వైపే చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. అది మామా నోట, ఆ తర్వాత శివపార్వతి నోట ఇలా వచ్చింది:

"అవి కొలత గీతలు కాదంట అన్నా. ఆ పిల్ల నిలబడి ఉండలేదంట. ఆయన గీస్తా ఉండగానే కాలు పైకెత్తతా ఉన్నిందంట. ఎట్ల కదిలితే అట్ల గీసినాడంట. నువ్వు ఆ పిల్లను నిలబెట్టేసినావంట."

క్షమించమన్నాను. అది మూడు భాషల్లో పోయింది.

మామా తమ్ముడు నా మీద ఫిర్యాదు ఇస్తానన్నాడు. మామా వద్దంది. ఇద్దరికీ కొంతసేపు వాదన జరిగింది. చివరికి ఆమె అన్నది శివపార్వతి నాకు గుమ్మం దగ్గర చెప్పింది. ముప్పై ఏళ్లు ఆ బొమ్మను గోడ మీద చూశాను, తిరిగి వచ్చాక ఎనిమిది రోజులు చూశాను, కాళ్లు తక్కువయ్యాయని నాకే తెలియలేదు, ఇతన్ని ఏమనను అన్నదట.

"నీ మీద నాకు కోపం ల్యా అని చెప్పను," అంది శివపార్వతి. "పదకొండు దినాలు. రాత్రయితే ఆ తమ్ముడు నా గదికి బయట గడియ పెట్టించినాడు. నీకు చెప్పల్యా నేను."

తలుపు వేసేసింది. నెమ్మదిగానే వేసింది.

అక్టోబర్ 30, గురువారం

ఫ్రాన్సు ఆమె విమానానికి ముందు బొమ్మను తీసుకుని షాపుకు వచ్చింది. చేసినదంతా కాగితం మీద రాసి సంతకం చేయమంది. తేదీ, ఏ గీతలు, దేనితో, ఎంతసేపు. ఏ భాషలో రాసినా ఫరవాలేదంది. తర్వాత పాత బొమ్మలు బాగుచేసేవాళ్లకు గాడిలోంచి ఎంత తిరిగి రాబట్టవచ్చో చెప్పడానికి పనికొస్తుందట. కాలు తిరిగి గీయవద్దు, ఎవరినీ గీయనివ్వవద్దు అని బాబ్జాన్‌కు గట్టిగా చెప్పింది.

రాశాను. ఏడు వాక్యాలు. దాన్ని కవరులో పెట్టి బొమ్మ వెనుక అట్టకు అతికించాను. ఇక ఆ బొమ్మ ఎక్కడికి పోయినా అదీ పోతుంది.

షాపు అసలు యజమాని, మాకు వీసా ఇచ్చిన కఫీల్, నా ఇఖామా పొడిగించనని చెప్పాడు. డిసెంబర్ ఆఖరు దాకా ఉంది. షాపు ఉంటుంది. బాబ్జాన్ ఉంటాడు.

నవంబర్ 3, సోమవారం

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. కానీ కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోవాలి. ప్రయాణ నిషేధం ఇంకా ఎత్తలేదు.

ఆమె టికెట్ ఈ రోజుకు. విమానం పోయింది.

నవంబర్ 6, గురువారం

శివపార్వతి కూతురికి ఈ తెల్లవారుజామున కాన్పు అయింది. అనుకున్నదానికంటే ముందే. ఆడబిడ్డ. రాయచోటి ఆసుపత్రిలో పక్కన ఉన్నది పొరుగింటి సంజీవమ్మ అట.

వాయిస్ మెసేజ్ పెట్టింది. "తల్లీ బిడ్డా బాగుండారన్నా. నేను ఈడ గిన్నెలు కడుగుతాంటే పుట్టింది. నీకు ఊరికే చెప్పినా."

పద్దెనిమిదో తేదీ షాపులో నిజం చెప్పి ఉంటే ఫిర్యాదే ఉండేది కాదు. ఇది అభిప్రాయం కాదు. తేదీలు చూస్తే తెలుస్తుంది.

నవంబర్ 9, ఆదివారం

నిన్న నిషేధం ఎత్తేశారు. ఈ రోజు విమానం. కొత్త టికెట్ మామా కొనిచ్చింది.

విమానాశ్రయానికి పోయాను. రమ్మని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. పెట్టె అందుకోబోతే "నేను మోసుకుంటాలే" అంది. రెండు పెట్టెలు, ఒక సంచి. సంచి తెగింది. అప్పుడు ఒక పెట్టె నా వైపు తోసింది.

లైనులో ముప్పై మంది ఉన్నారు. ఎక్కువమంది కడప, రాయచోటి మొఖాలే. ఎవరో టీవీ అట్టపెట్టెను తాళ్లతో కట్టుకుంటూ తిట్టుకుంటున్నారు. ఆమె వంతు వచ్చే ముందు ఫోను తీసి నా ముఖం ముందు పెట్టింది. ఫోటో. మూడు రోజుల బిడ్డ. తల మీద నూనె, నుదుటి మీద పెద్ద కాటుకబొట్టు కొంచెం పక్కకు జరిగింది, ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి, దుప్పటిలోంచి ఒక కాలు బయటికి తన్ని ఉంది. కదిలినట్టుంది, ఆ కాలు సరిగా పడలేదు. పాదం దగ్గర మసక.

"చూడన్నా," అంది. "బాగా చూడు. ఏమన్నా దిద్దల్లా?"

ముఖంలో నవ్వు లేదు. నిజంగానే జవాబు కోసం ఆగింది. వెనుక ఉన్నవాళ్లు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు.

"లేదమ్మా," అన్నాను. "ఏమీ వద్దు."

"అట్లయితే సరే." ఫోను కొంగులో చుట్టుకుంది. పెట్టెలు బెల్టు మీద పెట్టడానికి నా సాయం తీసుకుంది.